రామారావుకి నాలుగు గళ్లు: జపాన్ గేముల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఒసాకాలో 11 ఏళ్లు ఉద్యోగం చేసి వచ్చేటప్పుడు చీరలకంటే ఎక్కువ గేమ్ క్యాసెట్లు మోసుకొచ్చానని పోయిన సంచికలో రాశాను. జపాన్‌వాళ్లు కూడా వాటిని 'కసెట్టో' అనే అంటారు, అందుకే నాకు ఆ మాట మార్చబుద్ధి కాదు. బరువు చూసి నవ్వుతారనుకున్నాను గానీ ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. వరస ఏమీ లేకుండా, చేతికి అందినవాటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, జపాన్‌లో విడుదలై అక్కడే ఆగిపోయిన గేములు బోలెడున్నాయని రాశారు. అంత బాగుంటే బయటికి ఎందుకు పంపలేదు? మంచివన్నీ వాళ్లే ఉంచేసుకున్నారా?

జవాబు: అమ్ముడుపోయే సరుకుని ఏ వ్యాపారీ అటక మీద పెట్టడండీ. అడ్డుపడింది చాలావరకు అక్షరాలు, ఆ తర్వాత జమాఖర్చులు.

నిన్‌టెండో కంపెనీ గేము మెషీన్ ఫామికామ్ 1983 జులై 15న 14,800 యెన్‌లకి వచ్చింది. దాని క్యాసెట్‌లో జాగా ఎంత ఇరుకంటే, 1986 మే 27న వచ్చిన ఎనిక్స్ కంపెనీ కథల గేము డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం మొత్తం కలిపి 64 కిలోబైట్లే. ఊళ్లు, గుహలు, రాక్షసులు, సంగీతం, సంభాషణలు అన్నీ అందులోనే. కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, పెట్టే ప్రశ్నే లేదు. పరాయి మాటలు రాసే కటకానా అక్షరాలు కూడా పూర్తిగా పట్టక, కావలసిన కొన్ని అక్షరాలే ఉంచుకుని, రాక్షసుల పేర్లని ఆ అక్షరాలతోనే అల్లుకున్నారు. మనకి వత్తులు తీసేసి కథ రాయమన్నట్టు.

హీరో పేరుకి నాలుగు గళ్లు. నేను మొదటిసారి ఆడినప్పుడు మా నాన్నగారి పేరు పెడదామనిపించింది. రామారావు. కానాలో, అంటే పలికినట్టు రాసే వాళ్ల అక్షరాల్లో, గడికో గుణింతం పడుతుంది కనక నాలుగు గళ్లలో ఇమిడిపోయారు. దీర్ఘాలు ఎగిరిపోయి 'రమరఒ' అయ్యారనుకోండి, అయినా మనిషి మొత్తం లోపలికొచ్చారు. అవే నాలుగు గళ్లు ఇంగ్లీషులో నింపితే 'రామ' దగ్గరే అయిపోతుంది, రావు గారు వీధిలో నిలబడాల్సిందే. ఇదే తంతు ప్రతి కత్తికీ, ప్రతి మందుకీ, ప్రతి మంత్రానికీ. అంటే అనువాదం చేయాలంటే మాటలు మారిస్తే సరిపోదు, ఆ గళ్లు పగలగొట్టి గోడలు మళ్లీ లేపాలి.

ఆ శ్రమంతా పడి డ్రాగన్ క్వెస్ట్‌ని 1989లో 'డ్రాగన్ వారియర్' పేరుతో అమెరికాకి పంపారు. జపాన్‌లో పిల్లలు ఆట ఆపేటప్పుడు గేము చూపించే మంత్రాన్ని, అంటే పాస్‌వర్డుని, కాగితం మీద రాసుకుని మర్నాడు కొట్టి ఆట కొనసాగించేవారు, అమెరికా క్యాసెట్‌లో ఆ బాధ లేకుండా ఆటని గుర్తుపెట్టుకునే బ్యాటరీ కూడా పెట్టారు. అయినా అనుకున్నట్టు కదల్లేదు. చివరికి అక్కడి నిన్‌టెండో తన పత్రికకి చందా కట్టినవాళ్లకి పెళ్లిలో మిగిలిన లడ్డూల్లా ఉచితంగా పంచిపెట్టింది. ఇలాంటి దెబ్బ ఒకటి తగిలాక, 11,400 యెన్‌ల ధర పలికే భారీ కథల గేములని మళ్లీ సముద్రం దాటించాలంటే ఎవరికైనా చెయ్యాడదు. ఎనిక్స్ 1995లో అమెరికా ఆఫీసే మూసేసింది. ఫామికామ్ తర్వాతి మెషీన్ సూపర్ ఫామికామ్ మీద 1992లో, 1995లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 5, 6 ఇంగ్లీషు మొహం చూసింది 2009లో, 2011లో, అదీ డీఎస్ అనే చేతి మెషీన్ మీద.

ఇంకో గేము కంపెనీ స్క్వేర్‌వాళ్ల సంగతి ఇంకా తమాషా. వాళ్ల ఫైనల్ ఫాంటసీ 2, 3, 5 అప్పట్లో అమెరికాకి పోలేదు. అందుకని 4వది అక్కడ 2 అయింది, 6వది 3 అయింది. 1997లో 7వది మాత్రం 7గానే దిగేసరికి, మూడు తర్వాత ఏడేమిటని అక్కడి పిల్లలు వేళ్లు లెక్కపెట్టుకున్నారు. వాళ్లదే, 1995లో వచ్చిన సెయికెన్ దెన్సెత్సు 3 అనే గేము అయితే 2019 దాకా, అంటే 24 ఏళ్లు, అధికారికంగా జపాన్ భాషలోనే ఉండిపోయింది.

మాటలు తక్కువున్న గేము కూడా ఆగిపోయిన సందర్భం ఒకటుంది. 1986లో డిస్క్ మీద వచ్చిన అసలు సూపర్ మారియో 2 అమెరికావాళ్లకి మరీ కష్టమని పంపలేదు. దానికి బదులు ఒక టీవీ సంస్థ ఉత్సవం కోసం 1987లో చేసిన 'దోకి దోకి పానిక్' అనే వేరే గేములో బొమ్మలు మార్చి, మారియో మీసం అంటించి, అదే రెండో భాగమని 1988లో అమ్మారు. అది 1992లో 'సూపర్ మారియో యూఎస్ఏ' పేరుతో జపాన్‌కి తిరిగొచ్చింది. పుట్టింటి పిల్ల పేరు మార్చుకుని అదే ఇంటికి చుట్టంగా వచ్చిందన్నమాట.

ప్రశ్న: డ్రాగన్ క్వెస్ట్‌ని పనిరోజుల్లో విడుదల చేయకూడదని జపాన్‌లో చట్టమే ఉందట, నిజమా?

జవాబు: లేదు. 3వ భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం, వచ్చింది. పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరితే పోలీసులు పట్టుకుని మందలించారు. 4వ భాగాన్ని కంపెనీ 1990 ఫిబ్రవరి 11న, ఆదివారం, విడుదల చేసింది. అంతే, పార్లమెంటు దాకా పోలేదు.

ప్రశ్న: వచ్చే నెల ఆఫీసు పని మీద ఒసాకా వెళ్తున్నాను. పాత క్యాసెట్లు కొనాలని ఉంది. మోసపోకుండా ఏం చూసుకోవాలి?

జవాబు: నిప్పొంబషి పేటలో దెన్ దెన్ టౌన్ అనే ఎలక్ట్రానిక్ సామాన్ల బజారుకి వెళ్లండి. టోక్యో అయితే అకిహబారా, నకానో బ్రాడ్‌వే. ధర చీటీ మీద మూడు మాటలు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే. 'హకో-సెత్సు-త్సుకి' అంటే పెట్టె, వివరాల పుస్తకం రెండూ ఉన్నాయని. 'హదకా' అంటే బట్టల్లేకుండా అని, ఉత్త క్యాసెట్. 'జంకు' అంటే పనిచేస్తుందో లేదో నీ అదృష్టం, తిరిగి తెస్తే తీసుకోం అని. ఒకే గేముకి మొదటిదానికీ రెండోదానికీ మధ్య ధర ఎన్నో రెట్లుంటుంది. ఆడుకోవడానికైతే హదకా చాలు. అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లతో మనకెందుకు పోటీ?

జంకు బుట్ట దగ్గర మాత్రం నా కథ విని కదలండి. ఒక చిన్న దుకాణంలో 550 యెన్‌లకి డ్రాగన్ క్వెస్ట్ 3 హదకా దొరికింది. వెనకవైపు ఎవరో పిల్లాడు పెన్నుతో పేరు కూడా రాసుకున్నాడు, ఆ రాత చూసే కొన్నాను. ముసలాయన 'జంకు దెసు యో' అని రెండుసార్లు హెచ్చరించాడు. ఇంటికొచ్చి పెడితే చక్కగా తెరుచుకుంది. మూడు సాయంత్రాలు ఆడాను. నాలుగో రోజు పెట్టగానే ఆ గేములో అందరికీ గుండె జారిపోయే ఆ వికృతమైన రాగం మోగి, మొదటి సాహస పుస్తకం, అంటే నేను దాచుకున్న ఆట, చెరిగిపోయిందని తెర మీద పడింది. లోపల బ్యాటరీ ఉంటుంది, నాణెంలా గుండ్రటిది. ఆట ఎంతవరకూ వచ్చిందో గుర్తుపెట్టుకునేది దాని బలంతోనే. అది 20 ఏళ్లు దాటినది. టంకం పెట్టి కొత్తది వేయించుకుంటే మళ్లీ పనిచేసింది గానీ, ఆ మూడు సాయంత్రాలు పోయాయి. కాబట్టి మీరు కొనేముందు అది బ్యాటరీ ఉన్న గేమో కాదో, మార్చారో లేదో అడగండి. 'దెంచి' అంటే బ్యాటరీ.

అన్నట్టు, ఈ పాత సరుకు వ్యాపారం అంత దర్జాగా నడవడానికి వెనక ఒక తీర్పుంది. కొన్న గేముని మళ్లీ అమ్మడం మా హక్కుకి భంగమని గేము కంపెనీలు కోర్టుకెక్కాయి. ఒకసారి అమ్మాక ఆ వస్తువు మళ్లీ చేతులు మారడాన్ని ఆపలేరని జపాన్ సుప్రీంకోర్టు 2002 ఏప్రిల్ 25న తేల్చింది. అద్దెకివ్వడం మాత్రం హక్కుదారు ఒప్పుకోనిదే కుదరదు. సినిమాల్లా గేములు అద్దెకిచ్చే దుకాణం కోసం వెతక్కండి, అంత తేలిగ్గా కనబడదు.

ప్రశ్న: అక్కడ కొన్న క్యాసెట్ బయట కొన్న మెషీన్‌లో ఆడుతుందా?

జవాబు: మెషీన్‌ని బట్టి. గేమ్ బాయ్ అడ్వాన్స్, స్విచ్ అయితే నిశ్చింతగా ఆడుతుంది. 3డీఎస్, ప్లేస్టేషన్ 2 అయితే తాళం ఉంది, ఆడదు. ఫామికామ్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా మెషీన్‌కి 72. సూపర్ ఫామికామ్ క్యాసెట్‌ని అమెరికా మెషీన్‌లోకి పోనివ్వనిది లోపలున్న రెండు ప్లాస్టిక్ ముక్కలు మాత్రమే, తక్కిన తాళమంతా ఒకటే. పాత మెషీన్ కూడా అక్కడే కొంటే, దాని అడాప్టర్ 100 వోల్టులకి చేసినదని గుర్తుంచుకోండి. మన ప్లగ్గులో నేరుగా పెడితే పొగే.

ప్రశ్న: అక్కా, పోయిన సంచికలో మదర్ 3 గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. అంత పేరున్న గేముని ఇంకా ఇంగ్లీషులో ఇవ్వకపోవడం అన్యాయం కాదా?

జవాబు: అన్యాయమే తమ్ముడూ. మదర్ గేములు రాసింది షిగెసాతో ఇతోయి. ఆయన వృత్తి ప్రకటనలకి వాక్యాలు రాయడం. నాలుగు మాటల్లో మనిషిని ఆపి నిలబెట్టడం ఆయనకి చేతనైన విద్య, గేములో ప్రతి దారినపోయే దానయ్య మాటలోనూ అది తెలుస్తుంది. మొదటిది 1989లో, రెండోది 1994లో. రెండోది 'ఎర్త్‌బౌండ్' పేరుతో అమెరికాకి వెళ్లింది, కంపుకొట్టే గేమంటూ అక్కడ చేసిన ప్రచారం బెడిసికొట్టింది, అమ్మకాలు పడుకున్నాయి. మొదటిదాని ఇంగ్లీషు అనువాదం 1990లోనే తయారైపోయి కూడా మూలనపడి, 2015లో గానీ బయటికి రాలేదు.

మూడోదాన్ని నిన్‌టెండో 64 కోసం మొదలుపెట్టి, 2000లో రద్దుచేసి, మళ్లీ మొదలుపెట్టి, 2006 ఏప్రిల్ 20న గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద జపాన్‌లో మాత్రం విడుదల చేశారు. అభిమానులు ఆగలేకపోయారు. వృత్తిరీత్యా అనువాదకుడైన క్లైడ్ మాండెలిన్ ముందుండి నడిపిన బృందం 2008 అక్టోబరులో ఇంగ్లీషు చేసి పెట్టింది. పైగా అధికారికంగా వాడుకుంటానంటే మా అనువాదం ఊరికే ఇచ్చేస్తామని ఆయన కంపెనీకి చెప్పాడు కూడా. 2024 ఫిబ్రవరిలో స్విచ్ చందాదారులకి మదర్ 3 వచ్చింది. ఎక్కడ? జపాన్‌లో.

నేను దాన్ని జపాన్ భాషలోనే ఆడాను, ఆఫీసుకి వెళ్లే రైల్లో. మొదటి అధ్యాయంలో మంట చుట్టూ జనం నిలబడే చోటుంది. ఏం జరుగుతుందో చెప్పను. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయి, రెండు స్టేషన్ల అవతల దిగి, ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుండిపోయాను. ఆఫీసుకి రైలు ఆలస్యమని చెబుదామంటే, అక్కడ రైలు ఆలస్యమైతే స్టేషన్‌వాళ్లు చీటీ ఇస్తారు, అది చూపించాలి. చీటీ లేదు. కడుపునొప్పన్నాను.

ప్రశ్న: అనువాదం చేసినా బయటివాళ్లకి ఎక్కని, అచ్చంగా జపాన్‌దే అయిన గేము ఏదైనా చెప్పండి.

జవాబు: మూడున్నాయి.

మొదటిది మొమొతారో దెన్‌తెత్సు. అందరూ 'మొమొతెత్సు' అంటారు. 1988లో హడ్సన్ కంపెనీ చేసింది. వైకుంఠపాళిలా పాచిక వేసి, జపాన్ రైలు పటం మీద ఊరి నుంచి ఊరికి పోతూ ఆస్తులు కొనడం. తకమత్సు ఊరు వెళ్తే ఉదోన్ అనే లావు నూడుల్స్ దుకాణాలు అమ్మకానికుంటాయి. మార్చి నెలాఖరుకి జమాఖర్చులు తేలుస్తారు, ఎందుకంటే అక్కడ కంపెనీల లెక్కల ఏడాది అప్పుడే ముగుస్తుంది. గమ్యం ఎవరైనా చేరగానే, అందరికంటే దూరంలో ఉన్నవాడి వీపుకి బిన్‌బోగామి అనే దరిద్రదేవత అతుక్కుంటాడు. మన జ్యేష్ఠాదేవికి మగ రూపం అనుకోండి. అడక్కుండా ఆస్తులమ్మేస్తాడు, పనికిరాని చీటీలు కొనిపెడతాడు. ఇంకొకరి రైలుకి తగిలితే వాళ్లకి అంటించెయ్యొచ్చు. మా ఆఫీసులో ఏడాది చివరి విందు తర్వాత నలుగురం ఆడాం. ఎన్నడూ గొంతెత్తని మా సెక్షన్ పెద్దాయనకి నేను ఆ దేవుణ్ణి అంటించాను. సోమవారం దాకా మాట్లాడలేదు. 2020లో స్విచ్ మీద వచ్చిన కొత్త భాగం జపాన్‌లోనే 30 లక్షలకి పైగా అమ్ముడైంది. 2023 నుంచి బళ్లకి ఉచితంగా ఒక ప్రత్యేక కూర్పు కూడా ఇస్తున్నారు, భూగోళం పాఠానికి. ఆ ఊళ్ల పేర్లు వింటే ఒళ్లు పులకరించనివాళ్లకి ఈ ఆట ఉత్త పాచికలే.

రెండోది దెన్షా దె గో. టైటో కంపెనీ 1996లో ఆర్కేడ్లలో, అంటే నాణెం వేసి ఆడే గేము హాళ్లలో, పెట్టింది, మర్నాటి ఏడు ప్లేస్టేషన్‌కి తెచ్చింది. రైలు నడపడం, అంతే. ఢీకొట్టడాల్లేవు, దొంగల్లేరు. ఎడమచేతికి వేగం మీట, కుడిచేతికి బ్రేకు మీట. టోక్యో చుట్టూ తిరిగే యమనోతె లైను మీద చెప్పిన సెకనుకి, ప్లాట్‌ఫారం మీద గీసిన గుర్తు దగ్గర ఆపాలి. కొంచెం ముందుకి పోయినా మార్కులు కోత. నాకు ఒక్కసారీ సరిగ్గా ఆగలేదు. ఆ తర్వాత నిజం రైల్లో డ్రైవరు గది అద్దం వెనక నిలబడి చూడడం అలవాటైంది. నా పక్కన ఎప్పుడూ అయిదారేళ్ల పిల్లలుండేవారు.

మూడోది బోకు నో నత్సుయాసుమి, అంటే 'నా వేసవి సెలవులు'. 2000 జూన్ 22న ప్లేస్టేషన్ మీద. 1975వ సంవత్సరం, అమ్మకి నెలలు నిండాయని పిల్లవాణ్ణి పల్లెలో చుట్టాలింట్లో దింపుతారు. ఆగస్టు 1 నుంచి 31 వరకూ. పురుగులు పట్టడం, చేపలు, పేడపురుగుల్లాంటి కొమ్ముపురుగులకి కుస్తీలు, రాత్రి బొమ్మల డైరీ. గెలుపు లేదు, ఓటమి లేదు. ఒక తెర దాటి ఇంకో తెరకి వెళ్తేనే పొద్దు కదులుతుంది. అందుకని సాయంత్రం కాకూడదనుకుంటే కదలకుండా ఒకేచోట నిలబడొచ్చు, ఆ చెట్టుకింద, కీచురాళ్లు వింటూ. నేను ఆగస్టు 31 నాడు అలాగే చేశాను. మొదటి భాగం అధికారికంగా ఇంగ్లీషులోకి రాలేదు. రెండో భాగానికి 2023లో ఒక అభిమాని చేసిన అనువాదం ఉంది.

నిజానికి మీ ప్రశ్నలోనే నాకు పేచీ ఉంది. ఈ మూడోది బయటివాళ్లకి ఎక్కదని కంపెనీవాళ్లు అనుకున్నారేమోగాని, అమ్మమ్మగారింటికి సెలవులకి వెళ్లిన ఎవరికైనా అందులో పరాయిది ఏముందో చెప్పండి.

ప్రశ్న: జపాన్ భాష నేర్చుకోకుండా ఆడలేమా? నేర్చుకోవాలంటే ఏ గేముతో మొదలుపెట్టాలి?

జవాబు: దెన్షా దె గో లాంటివి ఆడొచ్చు. కథలున్నవి కుదరదు. హిరగానా 46, కటకానా 46, నెలరోజుల పని. అచ్చులు, హల్లులు, గుణింతాలు నేర్చినవాళ్లకి అదో లెక్కా?

అందరూ పాత గేములు తేలికంటారు, కాంజీ ఉండదు కనక. నమ్మకండి. కాంజీ లేకపోవడమే చిక్కు. 'హషి' అంటే వంతెనా, భోంచేసే పుల్లలా? కాంజీ ఉంటే చూడగానే తెలుస్తుంది, కానాలో ఉంటే వాక్యం చివరిదాకా పోయి వెనక్కి రావాలి. అక్షరాలు కూడా దగాచేస్తాయి. 1987లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 2లో ఆట కొనసాగించడానికి 52 అక్షరాల దాకా మంత్రం రాసుకోవాలి. 'ను', 'మె' మన ప, వ లాగా అన్నదమ్ములు. పాత టీవీలో 'బ' మీది చుక్కలు, 'ప' మీది సున్నా ఒక్కలాగే కనబడేవి. ఒక్కటి తప్పితే మర్నాడు తలుపు తెరుచుకోదు. యాభై దాటిన జపాన్ మనిషిని ఎవరినైనా కదిపి చూడండి, ఇప్పటికీ మంట తగ్గలేదు.

కాంజీ నెత్తిన చిన్నక్షరాల్లో ఉచ్చారణ వేసే పిల్లల గేములుంటాయి, దాన్ని ఫురిగానా అంటారు. వాటితో మొదలుపెట్టండి. తెలుగువాళ్లకి ఇంకో సౌకర్యముంది. గేములో ముసలాయన తనని 'వాషి' అనుకుంటాడు, మెత్తటి కుర్రాడు 'బోకు', పొగరుబోతు 'ఒరె'. ఇంగ్లీషులో ముగ్గురూ ఒకే 'ఐ' అయిపోతారు. ఏరా, ఏమయ్యా, ఏమండీ, తమరు అంటూ పెరిగినవాళ్లకి ఆ తేడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, చెవికి తగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి తెప్పించుకున్న జపాన్ గేము పెట్టె మీద పెద్ద 'జెడ్' అక్షరం ఉంది. అర్థమేమిటి?

జవాబు: 18 నిండినవాళ్లకి మాత్రమే అమ్మాలని. 'ఏ' అందరికీ, 'బి' 12 దాటితే, 'సి' 15, 'డి' 17. అబ్బాయి వయసు మీరు రాయలేదు, నేనూ అడగను.

ప్రశ్న: డబ్బెంత పోసినా ఇక ఎవరూ ఆడలేని గేము ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. సూపర్ ఫామికామ్ కింద శాటెల్లావ్యూ అనే పెట్టె తగిలిస్తే ఉపగ్రహం నుంచి గేములు దిగేవి, 1995 ఏప్రిల్ నుంచి. ప్రసారం సెయింట్ గీగా అనే స్టేషన్‌ది. ఆ స్టేషన్ మొదట్లో సముద్రపు పోటుపాట్లని బట్టి కార్యక్రమాలు వేస్తూ అలల చప్పుడు, సంగీతం వినిపించేది. వాళ్ల చేతిలో నిన్‌టెండోవాళ్ల పేరుమోసిన సాహసాల గేము జెల్డా పడింది. 1995 ఆగస్టులో నాలుగు వారాలు, వారానికో భాగం, చెప్పిన గంటలోనే ఆడాలి. ఆడుతుంటే నటుల గొంతులు ప్రసారంలోంచి అప్పటికప్పుడు వినబడేవి. గడియారం ప్రకారం ఫలానా నిమిషానికి వాన, ఫలానా నిమిషానికి సాయం. మీరు గుహలో ఉన్నా, బాత్‌రూమ్‌లో ఉన్నా ఆగదు.

2000 జూన్ 30తో ప్రసారాలు ఆగిపోయాయి. గేము కొంత భాగం, దిగినవాటిని దాచుకునే జ్ఞాపకం క్యాసెట్లలో మిగిలింది, అభిమానులు పాత సామాన్ల దుకాణాల్లో వాటిని ఏరి, ఒక్కోటీ తెరిచి చూస్తున్నారు. గొంతులు మాత్రం క్యాసెట్‌లోకి ఎక్కలేదు. ఆ గంటలో ఎవరైనా టీవీకి వీసీఆర్ తగిలించి టేపు మీద పట్టుకుని ఉంటే అవే ఉన్నాయి. నేను కూడా దెన్ దెన్ టౌన్ జంకు బుట్టలో అలాంటి క్యాసెట్ ఒకటి కొన్నాను. తెరిపించి చూస్తే లోపల ఖాళీ. పాత యజమాని ఏం ఉంచుకున్నాడో, అన్నీ తుడిచేసి మరీ అమ్మాడు.